పైగేమ్ ఆటలకు ధ్వనిని చేర్చడం

సొంతంగా తయారు చేసుకొన్న చిన్న కంప్యూటరు ఆటలో బంతి తగిలిన చప్పుడు, పాయింటు వచ్చినప్పుడు మ్రోగే గంట, నేపథ్య సంగీతం వంటివి వినిపించేలా చేయడాన్ని ఆటకు ధ్వనిని చేర్చడం అంటారు. పైగేమ్ అనేది పైథాన్ ప్రోగ్రామింగు భాషలో ద్విమితీయ ఆటలు రాయడానికి ఉపయోగపడే ఉచిత లైబ్రరీ. విద్యార్థులు, అభిరుచి కొద్దీ ప్రోగ్రాములు రాసేవారు దీనిని విస్తృతంగా వాడుతారు. ఇందులో ధ్వనికి సంబంధించిన పనులన్నీ మిక్సర్ అనే విభాగం చూసుకొంటుంది. ఆటలో ధ్వని కేవలం అలంకారం కాదు. తెరపై ఏమి జరిగిందో ఆటగాడికి తెలియజేసే సమాచారం. అందువలన ధ్వని ఎంత మధురంగా ఉన్నది అనే దానికంటే అది సరైన క్షణంలో వినిపించిందా లేదా అనేది ముఖ్యం.

చరిత్ర

1972లో అటారి సంస్థ విడుదల చేసిన పాంగ్ ఆటను ఇంజనీరు అలన్ ఆల్కార్న్ రూపొందించాడు. పాయింటు వచ్చినప్పుడు ప్రేక్షకుల హర్షధ్వానం వినిపించాలని సంస్థ వ్యవస్థాపకుడు నోలన్ బుష్నెల్ కోరాడు. అటువంటి ధ్వనికి కావలసిన అదనపు పరికరాలకు యంత్రంలో తావు లేకపోవడంతో, టెలివిజన్ చిత్రాన్ని నడిపే సర్క్యూటులో అప్పటికే ఉన్న సంకేతాలనుండి తగిన పౌనఃపున్యాలను ఎంచి ఆల్కార్న్ వాటినే స్పీకరుకు పంపాడు. ఆ చిన్న "బ్లిప్" శబ్దాలే ఆటకు గుర్తింపుగా నిలిచాయి.

1978లో జపానుకు చెందిన టైటో సంస్థ విడుదల చేసిన స్పేస్ ఇన్వేడర్స్ ఆటను తొమోహిరో నిషికాడో రూపొందించాడు. ఇందులో క్రిందికి దిగే నాలుగు స్వరాలు పదేపదే వినిపిస్తాయి. శత్రువుల కదలిక వేగం పెరిగే కొద్దీ ఈ స్వరాల వేగం కూడా పెరుగుతుంది. ప్రమాదం దగ్గర పడుతున్నదని ఆటగాడికి చెవి ద్వారానే తెలుస్తుంది.

ఇళ్ళలో ఆటలు రాసుకొనేవారికి 1980లలో బేసిక్ భాషలోని ఆదేశాలు అందుబాటులోకి వచ్చాయి. 1984లో భారత ప్రభుత్వం ప్రారంభించిన క్లాస్ అనే పాఠశాల కంప్యూటరు విద్యా పథకంలో వాడిన బీబీసీ మైక్రో కంప్యూటరులో సౌండ్ అనే ఆదేశానికి నాలుగు సంఖ్యలు ఇవ్వాలి. అవి వరుసగా ఛానెలు, ధ్వని పరిమాణం, స్వరస్థాయి, వ్యవధి. వ్యవధిని సెకనులో ఇరవయ్యో వంతులుగా లెక్కిస్తారు. ఈ కంప్యూటరు ఒకేసారి మూడు స్వరాలను, వాటితో పాటు ఒక గరగర శబ్దాన్ని పలికించగలదు. ఐబీఎమ్ పీసీ తరహా కంప్యూటర్లపై నడిచిన జీడబ్ల్యూ-బేసిక్‌లోని సౌండ్ ఆదేశానికి పౌనఃపున్యం, వ్యవధి ఇస్తే చాలు. ఇందులో వ్యవధిని సెకనుకు 18.2 చొప్పున కొట్టుకొనే గడియారపు టిక్కులలో ఇవ్వాలి. పీసీ లోపలి స్పీకరుపై ఈ ఆదేశంతో ఒక సమయంలో ఒకే స్వరం పలుకుతుంది.

పైగేమ్‌ను పీట్ షిన్నర్స్ ప్రారంభించాడు. దీని మొదటి విడుదల 2000 అక్టోబరు 28న జరిగింది. సరిగ్గా ఇరవై సంవత్సరాల తరువాత, 2020 అక్టోబరు 28న, పైగేమ్ 2.0 వెలువడింది. తెర, ధ్వని, కీబోర్డు వంటి వాటితో వ్యవహరించడానికి ఇది సామ్ లాంటింగా 1998లో విడుదల చేసిన ఎస్‌డీఎల్ అనే లైబ్రరీపై ఆధారపడుతుంది. 2023లో పైగేమ్ నుండి పైగేమ్-సీఈ అనే శాఖ విడిపోయింది. ఈ వ్యాసంలో చెప్పిన పద్ధతులు రెండింటికీ వర్తిస్తాయి.

ధ్వని అంకెలుగా మారే తీరు

గాలిలోని పీడన మార్పులే ధ్వని. మైక్రోఫోను ఈ మార్పులను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతాన్ని క్రమమైన వ్యవధులలో కొలిచి అంకెలుగా రాసుకోవడాన్ని నమూనా తీయడం అంటారు. మనిషి చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. ఒక పౌనఃపున్యాన్ని సరిగా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో నమూనాలు తీయాలి. ఆడియో సీడీలో సెకనుకు 44,100 నమూనాలు ఉండడానికి ఇది ఒక కారణం.

ఒక్కొక్క నమూనాను 16 బిట్లలో దాచినప్పుడు దాని విలువ -32,768 నుండి 32,767 వరకు ఉండవచ్చు. ఎడమ, కుడి స్పీకర్లకు వేరువేరు నమూనాలు ఉంటే దానిని స్టీరియో అని, ఒకటే ఉంటే మోనో అని అంటారు. 16 బిట్ల స్టీరియో ధ్వని ఒక సెకనుకు 1,76,400 బైట్లు, ఒక నిమిషానికి 1,05,84,000 బైట్లు ఆక్రమిస్తుంది. బంతి తగిలిన చప్పుడు వంటి అర సెకను మోనో ధ్వనికి 44,100 బైట్లు సరిపోతాయి. చిన్న చప్పుళ్ళను ఉన్నవి ఉన్నట్లుగా, పొడవైన సంగీతాన్ని కుదించి దాచడం వెనుక ఉన్న కారణం ఇదే. కుదించకుండా దాచడానికి సాధారణంగా వేవ్ ఫైళ్ళను, కుదించి దాచడానికి ఓగ్ వోర్బిస్ ఫైళ్ళను వాడుతారు.

మిక్సర్ విభాగం

పైగేమ్ మిక్సర్‌లో మూడు ముఖ్యమైన భాగాలు కలవు. వీటి పేర్లను, ఆదేశాలను ప్రోగ్రాములో రోమన్ లిపిలోనే రాయాలి.

సౌండ్: ఒక ధ్వనిని పూర్తిగా మెమరీలో నిలిపే వస్తువు. ప్లే ఆదేశం ఇచ్చిన వెంటనే మ్రోగడానికి సిద్ధంగా ఉంటుంది. చిన్న చప్పుళ్ళకు ఇది తగినది.

మ్యూజిక్: ఫైలును కొద్దికొద్దిగా చదువుతూ వినిపించే భాగం. పాట మొత్తం మెమరీలో ఉండనవసరం లేదు. ఒక సమయంలో ఒక్క ఫైలునే వినిపించగలదు కనుక నేపథ్య సంగీతానికి మాత్రమే వాడుతారు.

ఛానెలు: ఒక్కొక్క సౌండ్ మ్రోగే దారి. ఎన్నుకొనకపోతే ఎనిమిది ఛానెళ్ళు ఉంటాయి. అన్ని ఛానెళ్ళూ నిండి ఉన్నప్పుడు కొత్త చప్పుడుకు చోటు దొరకక అది వినిపించదు. ఛానెళ్ళ సంఖ్యను పెంచుకోవచ్చు. ముఖ్యమైన ధ్వనులకోసం కొన్నింటిని ప్రత్యేకించి ఉంచవచ్చు.

ప్లే ఆదేశంలో పునరావృతాల సంఖ్యను కూడా ఇవ్వవచ్చు. ఇక్కడ ఇచ్చేది మొత్తం ఎన్నిసార్లు మ్రోగాలి అన్న సంఖ్య కాదు. మొదటిసారి మ్రోగిన తరువాత మరి ఎన్నిసార్లు మ్రోగాలి అన్న సంఖ్య. 5 అని ఇస్తే సౌండ్ ఆరుసార్లు మ్రోగుతుంది. -1 అని ఇస్తే ఆపేవరకు మ్రోగుతూనే ఉంటుంది.

చేర్చే విధానం

ఒక బంతి, రెండు బ్యాట్లు ఉండి, పాంగ్‌ను పోలిన 800 పిక్సెళ్ళ వెడల్పు గల ఆటను ఉదాహరణగా తీసుకొనవచ్చు. అది సెకనుకు 60 ఫ్రేములు గీస్తుంది. దీనికి ధ్వనిని చేర్చే క్రమం ఈ విధంగా ఉంటుంది.

1. ఏ సంఘటనలకు ధ్వని కావాలో ముందుగా జాబితా రాసుకోవాలి. ఈ ఆటకు బంతి బ్యాటుకు తగలడం, గోడకు తగలడం, పాయింటు రావడం, ఆట ముగియడం అనే నాలుగు చాలు.

2. ఈ నాలుగూ కళ్ళు మూసుకొని విన్నా తేడా తెలిసేలా ఉండాలి. బ్యాటు చప్పుడు కంటే గోడ చప్పుడు తక్కువ స్థాయిలో, పాయింటు ధ్వని కొంచెం పొడవుగా ఉంటే సరిపోతుంది.

3. ఆట మొదలయ్యేటప్పుడే, ప్రధాన లూపు ప్రారంభం కాకముందే, నాలుగు ఫైళ్ళను సౌండ్ వస్తువులుగా మెమరీలోకి తెచ్చుకోవాలి.

4. బంతి దిశను మార్చే వాక్యం ప్రోగ్రాములో ఎక్కడ ఉన్నదో, దాని ప్రక్కనే ప్లే ఆదేశం ఉంచాలి. దిశ మారడం, చప్పుడు రావడం అప్పుడు ఒకే ఫ్రేములో జరుగుతాయి.

5. నేపథ్య సంగీతం కావలసి ఉంటే దానిని చివరన చేర్చి, చప్పుళ్ళు దానిలో మునిగిపోకుండా పరిమాణం తగ్గించాలి. పరిమాణం 0.0 నుండి 1.0 వరకు ఉంటుంది.

6. ధ్వనిని నిలిపివేయడానికి ఒక మీటను కేటాయించాలి.

ప్లే ఆదేశం ధ్వనిని మొదలుపెట్టి వెంటనే తిరిగి వస్తుంది. ధ్వని ముగిసేవరకు వేచి ఉండదు. చప్పుడు మ్రోగుతుండగానే ఆట ముందుకు సాగగలగడానికి ఇదే ఆధారం.

ఆలస్యం

మిక్సర్ నమూనాలను ఒక్కొక్కటిగా కాక గుంపులుగా సౌండ్ కార్డుకు పంపుతుంది. ఈ గుంపును నిలిపే చోటును బఫరు అంటారు. బఫరు ఎంత పెద్దదైతే ఆదేశానికీ చప్పుడుకూ మధ్య ఆలస్యం అంత ఎక్కువ.

పైగేమ్ 1.9లో ఏమీ ఎన్నుకొనకపోతే సెకనుకు 22,050 నమూనాలు, 4,096 నమూనాల బఫరు ఉండేవి. ఒక బఫరు కాలం 4,096ను 22,050తో భాగిస్తే వచ్చే 0.186 సెకను. 60 ఫ్రేముల ఆటలో ఇది సుమారు 11 ఫ్రేములతో సమానం. ఫ్రేముకు 5 పిక్సెళ్ళ చొప్పున కదిలే బంతి, చప్పుడు వినిపించేసరికి బ్యాటుకు 55 పిక్సెళ్ళ దూరం వెళ్ళిపోతుంది. ప్రోగ్రాములో తప్పు ఏదీ లేకున్నా, బంతి గాలిలో దేనికో తగిలినట్లు ఆటగాడికి అనిపిస్తుంది.

పైగేమ్ 2.0లో ఈ విలువలను 44,100 నమూనాలకు, 512 నమూనాల బఫరుకు మార్చారు. ఇప్పుడు ఒక బఫరు కాలం 0.0116 సెకను, అనగా ఒక ఫ్రేము కంటే తక్కువ. పాత పుస్తకాలలోని ప్రోగ్రాములలో పైగేమ్ ప్రారంభం కాకముందే ప్రీ-ఇనిట్ అనే ఆదేశంతో బఫరును తగ్గించడం కనిపించేది ఈ ఆలస్యం వల్లనే. బఫరును మరీ చిన్నది చేస్తే కంప్యూటరు దానిని సమయానికి నింపలేక చిటపటలు వినిపిస్తాయి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వాడినప్పుడు కలిగే అదనపు ఆలస్యాన్ని బఫరును తగ్గించి తొలగించడం సాధ్యం కాదు.

ఫైలు లేకుండా ధ్వనిని పుట్టించడం

పాంగ్ తరహా శబ్దాలకు రికార్డింగు అవసరం లేదు. నమూనాలను ప్రోగ్రామే లెక్కించవచ్చు. 50 నమూనాలకు 8,000 విలువను, తరువాతి 50 నమూనాలకు -8,000 విలువను ఇస్తే 100 నమూనాల ఒక ఆవృత్తి తయారవుతుంది. సెకనుకు 44,100 నమూనాలు కనుక ఇటువంటివి సెకనుకు 441 వస్తాయి, అనగా 441 హెర్ట్జ్‌ల స్వరం పలుకుతుంది. ఇటువంటి తరంగాన్ని చతురస్ర తరంగం అంటారు. ఈ ఆవృత్తిని 44 సార్లు రాస్తే సుమారు సెకనులో పదో వంతు కాలం పాటు స్వరం వినిపిస్తుంది. ఆవృత్తిలోని నమూనాలను సగానికి తగ్గిస్తే స్వరం ఒక స్థాయి పైకి వెళ్ళి 882 హెర్ట్జ్ అవుతుంది.

ఇక్కడ తరచుగా ఒక పొరపాటు జరుగుతుంది. మిక్సర్ స్టీరియోలో ఉన్నప్పుడు నమూనాలను ఎడమ, కుడి, ఎడమ, కుడి అనే వరుసలో చదువుతుంది. మోనో నమూనాలను అలాగే ఇస్తే రెండేసి నమూనాలు ఒకే క్షణంలో ఖర్చవుతాయి. 441 హెర్ట్జ్ స్వరం 882 హెర్ట్జ్‌గా, సగం కాలమే వినిపిస్తుంది. ప్రతి నమూనాను రెండుసార్లు రాస్తే ఇది సరవుతుంది. మోనో కావాలని అడిగినా పరికరాన్ని బట్టి మిక్సర్ స్టీరియోలో తెరుచుకొనే అవకాశం ఉన్నందున, గెట్-ఇనిట్ ఆదేశంతో నిజంగా దొరికిన విలువలను చూసుకోవడం మంచిది.

తరంగాన్ని హఠాత్తుగా ఆపితే చివరన టక్కుమనే శబ్దం వస్తుంది. చివరి 220 నమూనాలలో, అనగా సుమారు 5 మిల్లీ సెకన్లలో, విలువలను క్రమంగా సున్నాకు తగ్గిస్తే ఈ దోషం పోతుంది.

ధ్వని పరిమాణం

ఒకే సమయంలో రెండు ధ్వనులు మ్రోగినప్పుడు మిక్సర్ వాటి నమూనాలను కూడుతుంది. ఒక్కొక్కటి 20,000 విలువకు చేరితే మొత్తం 40,000 కావాలి. కానీ 16 బిట్లలో 32,767 కంటే పెద్ద సంఖ్యకు చోటు లేదు కనుక తరంగపు కొన తెగిపోయి ధ్వని బొంగురుగా మారుతుంది. అందుచేత ప్రతి ధ్వనినీ గరిష్ఠ పరిమాణంలో ఉంచకుండా, ఒకేసారి మ్రోగే అవకాశం ఉన్నవాటిని దృష్టిలో పెట్టుకొని తగ్గించుకోవాలి.

సాధారణ లోపాలు

బొంయ్‌మని మ్రోత: బంతి బ్యాటులోకి కొద్దిగా చొచ్చుకొని పోయినప్పుడు రెండూ వరుసగా అనేక ఫ్రేముల పాటు తాకుతూనే ఉంటాయి. ప్రతి ఫ్రేములోనూ ప్లే ఆదేశం నడిచి చప్పుళ్ళు ఒకదానిపై ఒకటి పడతాయి. కొద్ది క్షణాలలోనే ఎనిమిది ఛానెళ్ళూ నిండవచ్చు. క్రిందటి ఫ్రేములో తాకకుండా ఈ ఫ్రేములో తాకినప్పుడు మాత్రమే చప్పుడు చేయడం దీనికి పరిష్కారం.

ఆట తడబడడం: ఫైలును చదివే వాక్యం ప్రధాన లూపు లోపల ఉంటే చప్పుడు వచ్చిన ప్రతిసారీ డిస్కునుండి చదవవలసి వస్తుంది.

ఆట నిలిచిపోవడం: చప్పుడు పూర్తికావాలని ప్లే తరువాత నిద్ర ఆదేశం ఉంచితే, ఆ కాలమంతా బంతి కదలదు, మీటలు పనిచేయవు.

చివరి ధ్వని వినిపించకపోవడం: ఆట ముగింపు ధ్వనిని మొదలుపెట్టిన వెంటనే ప్రోగ్రాము ముగిసిపోతే ధ్వని కూడా ఆగిపోతుంది. మిక్సర్ ఇంకా మ్రోగుతున్నదా అని గెట్-బిజీ ఆదేశంతో పరిశీలించి, తరువాతనే కిటికీని మూయాలి.

ఇతరుల కంప్యూటరులో పనిచేయకపోవడం: విండోస్‌లో ఫైలు పేర్లలోని పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాల తేడా సాధారణంగా పట్టింపు లేదు, లినక్స్‌లో అవి వేరువేరు ఫైళ్ళు. అలాగే ఫైలు చిరునామాను ప్రోగ్రాము ఉన్న ఫోల్డరునుండి లెక్కించకపోతే, వేరే చోటునుండి నడిపినప్పుడు ధ్వని దొరకదు.

స్పీకరు లేని కంప్యూటరు: ధ్వని పరికరం లేనప్పుడు మిక్సర్ ప్రారంభం కాదు, దోషం వస్తుంది. ఆ దోషాన్ని పట్టుకొని ధ్వని లేకుండానే ఆట సాగేలా రాయాలి.

దృష్టి, వినికిడి లోపం గల ఆటగాళ్ళు

ధ్వని సమాచారం కనుక అది అందనివారి గురించి కూడా ఆలోచించవలసి ఉంటుంది. వినికిడి లోపం ఉన్నవారికి, ధ్వనిని ఆపివేసి ఆడేవారికి కూడా అదే విషయం కంటికి తెలియాలి. ఉదాహరణకు పాయింటు వచ్చినప్పుడు గంటతో పాటు అంకె ఒక క్షణం రంగు మారవచ్చు. ప్రమాద హెచ్చరికను ధ్వని రూపంలో మాత్రమే ఇవ్వడం వారిని ఆటకు దూరం చేస్తుంది.

దీనికి మారుగా, చూపు లేనివారికి ధ్వనే తెర వంటిది. ఛానెలు యొక్క పరిమాణ ఆదేశానికి ఎడమ, కుడి విలువలు వేరువేరుగా ఇవ్వవచ్చు. 800 పిక్సెళ్ళ తెరపై బంతి ఎడమనుండి 200 పిక్సెళ్ళ దూరంలో ఉంటే ఎడమకు 0.75, కుడికి 0.25 ఇస్తే బంతి ఏ ప్రక్కన ఉన్నదో హెడ్‌ఫోన్లలో తెలుస్తుంది. బంతి ఎత్తును బట్టి స్వరస్థాయిని కూడా మారిస్తే, కేవలం వింటూ ఆడే ఆటను తయారు చేయవచ్చు. పెద్ద ఆటలలో 2020లో వెలువడిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 చూపు లేనివారికోసం విస్తృతమైన ధ్వని సూచనలను అందించింది. అదే సూత్రం చిన్న ఆటలో కొద్ది వాక్యాలతో అమలు చేయగలిగినది.

ధ్వనుల సేకరణ, కాపీహక్కులు

ఇంట్లోనే అనేక ధ్వనులను రికార్డు చేసుకోవచ్చు. రెండు గోళీలు తగిలిన చప్పుడు బంతికి, స్టీలు పళ్ళెంపై చెంచా దెబ్బ పాయింటుకు, కొబ్బరి చిప్పల చప్పుడు గుర్రపు డెక్కలకు సరిపోతాయి. రికార్డు చేసిన తరువాత మొదట్లో ఉన్న నిశ్శబ్దాన్ని కత్తిరించాలి. ఫైలు మొదట్లో పదో వంతు సెకను నిశ్శబ్దం మిగిలితే అది కూడా ఆలస్యమే; బఫరును ఎంత తగ్గించినా పోదు.

బార్సిలోనాలోని పాంపెవు ఫాబ్రా విశ్వవిద్యాలయం 2005లో ప్రారంభించిన ఫ్రీసౌండ్ భాండాగారంలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులతో ధ్వనులు లభిస్తాయి. కొన్నింటికి ఏ షరతూ లేదు. కొన్నింటికి కర్త పేరు పేర్కొనాలి. కొన్నింటిని వ్యాపారానికి వాడరాదు. ప్రతి ధ్వనికీ లైసెన్సును విడివిడిగా చూసుకోవాలి.

సినిమా పాటలను నేపథ్య సంగీతంగా పెట్టి ఆటను పంచిపెట్టడానికి అనుమతి అవసరం. భారత కాపీహక్కుల చట్టం, 1957 ప్రకారం ధ్వని రికార్డుపై హక్కు, అది ప్రచురితమైన మరుసటి సంవత్సరం మొదలు 60 సంవత్సరాలు ఉంటుంది. పాట సాహిత్యంపై, బాణీపై హక్కులు వేరు. అవి కర్త మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 సంవత్సరాలు ఉంటాయి. ఉదాహరణకు 1957లో ప్రచురితమైన మాయాబజార్ పాటల రికార్డుపై గడువు 2017తో ముగిసినా, వాటి రచయిత పింగళి నాగేంద్రరావు 1971లో మరణించినందున సాహిత్యంపై హక్కు 2031 చివరి వరకు కొనసాగుతుంది. పాత పాట అయినంత మాత్రాన స్వేచ్ఛగా వాడుకోవచ్చునని భావించరాదు.

ఇతర సాధనాలు

పిల్లలకోసం ఎంఐటీ 2007లో విడుదల చేసిన స్క్రాచ్‌లో ధ్వనికి రెండు దిమ్మెలు ఉన్నాయి. ఒకటి ధ్వనిని మొదలుపెట్టి ముందుకు సాగుతుంది. రెండవది ధ్వని ముగిసేవరకు వేచి ఉంటుంది. బంతి చప్పుడుకు రెండవదానిని వాడితే ఆ బంతి ఆదేశాల వరుస అక్కడే ఆగుతుంది. బ్రౌజరులో నడిచే ఆటలకు వెబ్ ఆడియో అనే వ్యవస్థ ఉన్నది. 2018 నుండి క్రోమ్ బ్రౌజరు, ఆటగాడు పేజీపై నొక్కడం వంటి చర్య చేసేవరకు వెబ్ ఆడియో ధ్వనిని వినిపించనీయదు. అందువలన అటువంటి ఆటలు "మొదలుపెట్టు" అనే బొత్తంతో ప్రారంభించడం ఆనవాయితీ అయినది. సాధనం ఏదైనా, సంఘటన జరిగిన క్షణంలోనే, ఒకే ఒక్కసారి, దానికి తగిన ధ్వనిని వినిపించడమే చేయవలసిన పని.

ఇవి కూడా చూడండి

పైథాన్ ప్రోగ్రామింగు భాష
కంప్యూటరు ఆట
పౌనఃపున్యం
ధ్వని
క్రియేటివ్ కామన్స్